ఇరవై ఏడో బోరు

పొద్దుటి నుంచి రంపం ఆగిపోవడం అది మూడోసారి.

కోతమ్మ స్విచ్చి కట్టేసి, రబ్బరు తొడుగులు విప్పి, నీళ్ళ గొట్టం మూతిలో ఇనుప తీగ దూర్చింది. బూడిదరంగు బురద ముద్ద ఒకటి బయటపడింది. దాని వెనకే నీళ్ళు చిమ్మి ఆమె మోచేతుల దాకా తడిపాయి. వేళ్ళు మొద్దుబారిపోయి, తీగ గుచ్చుకున్నా తెలియడం లేదు. నాలుగింటికి ల్యాబు లారీ వస్తుంది. ఇంకా పద్దెనిమిది మీటర్ల రాయి కొయ్యాలి. ఒక్క మీటరు తగ్గినా సగం కూలి విరుస్తారు. పూర్తి కూలి రోజుకు ఆరు వందలు.

అది కొండవాలు కింద వేసిన రేకుల షెడ్డు. కొండ మీద యంత్రంతో బోరు దించినప్పుడల్లా నేల లోపలి నుంచి మణికట్టంత లావు రాతి కడ్డీలు వస్తాయి. వాటిని మీటరుకో గాడి చొప్పున ఐదు గాళ్ళున్న చెక్క పెట్టెల్లో పేర్చి షెడ్డుకు తెస్తారు. ఆ కడ్డీలను నిలువునా రెండు బద్దలుగా చీల్చడం కోతమ్మ పని. ఒక బద్ద సంచిలోకి ఎక్కి ల్యాబుకు పోతుంది. రెండోది పెట్టెలోనే ఉంటుంది, ఎప్పుడైనా ఎవరైనా అడిగితే చూపించడానికి. పెట్టె మూత మీద బోరు నంబరు, లోతు తెల్ల పెయింటుతో రాసేదీ ఆమే. నాలుగేళ్ళుగా ఆ పని చేసి చేసి, సొంత పేరు హాజరు పుస్తకంలో మిగిలిపోయి, మనుషుల నోట కోతమ్మ అయింది.

ఆ ఉద్యోగం ఊరికే రాలేదు. అంతకు ముందు ఆమె భర్త అదే కంపెనీలో బోరు యంత్రం మీద పనిచేసేవాడు. ఒకనాడు గొలుసు జారి ఇనుప గొట్టం అతని వీపు మీద పడింది. ఆసుపత్రి ఖర్చు కంపెనీ పెట్టుకుంది. నష్టపరిహారం అడిగితే భార్యకు ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగం ఇచ్చాం కాబట్టి ఇక నష్టపరిహారం అడగకూడదన్నారు.

రంపం మళ్ళీ తిరిగింది. నాలుగు మీటర్లు కోసిందో లేదో, మేనేజరు పెయింటు డబ్బా, కుంచె పట్టుకుని లోపలికి వచ్చాడు. డబ్బా తనే మోసుకొచ్చాడంటే ఏదో ఉంది.

"కోతమ్మా, రంపం అలా ఉంచు. చిన్న పనుంది."

"లారీ వస్తుంది సార్."

"లారీ ఆగుతుంది. పందొమ్మిదో బోరుదీ ఇరవై ఏడో బోరుదీ నంబర్లు తారుమారయ్యాయి. మార్చి రాయాలి. మొత్తం అక్కర్లేదు. తొంభై మీటర్ల దగ్గర్నుంచి ఏడు పెట్టెలు. ఇటువి ఏడు, అటువి ఏడు."

"తారుమారు కాలేదు సార్. నేనే కదా రాశాను."

"నువ్వు రాశావు కాబట్టే నువ్వే మార్చాలి. చేతిరాత ఒకటిగా ఉండాలి."

ఆమె చేతులు తుడుచుకుంటూ నిలబడింది. పందొమ్మిదో బోరు కింద వాగు పక్కన దించారు. ఆ నేల కంపెనీ ఎప్పుడో కొనేసింది. పై నుంచి కింది దాకా నల్లరాయి తప్ప అందులో ఏమీ పడలేదు. ఇరవై ఏడో బోరు కథ వేరు. అది పై మిట్ట చేలో దించారు. తొంభై ఒకటో మీటరు దగ్గర నల్లరాయి కత్తితో కోసినట్టు ఆగిపోయి తెల్లరాయి మొదలైంది. అక్కడి నుంచి ముప్ఫై నాలుగు మీటర్ల పాటు ఆ తెలుపు తెగలేదు.

ఆ రోజు జియాలజిస్టు ముఖం ఆమెకు బాగా గుర్తుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మెడలో భూతద్దం వేలాడుతూ ఉంటుంది, రాయిని చెవి దగ్గర పెట్టుకుని విన్నంత శ్రద్ధగా చూస్తాడు. అందుకే షెడ్డులో అందరూ డాక్టరు అంటారు. రాయిని చదవడం ఆమెకు నేర్పింది ఆయనే. "లిథియం కంటికి కనపడదమ్మా. దాన్ని మోసే రాయి కనపడుతుంది. ఈ తెల్ల పెగ్మటైట్‌లో పచ్చగా, పుల్లల్లా పొడుగ్గా ఉన్నవి చూడు. పక్కనున్న తెల్లముక్క కంటే చేతిలో బరువు తోస్తుంది. కొడితే వంటచెరుకులా నిలువుగా చీలుతుంది." షెడ్డు వాళ్ళు వాటికి పచ్చపుల్లలని పేరు పెట్టుకున్నారు. ఇరవై ఏడో బోరులో ఆ పుల్లలు అరచేతి పొడుగున, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. డాక్టరు ఒక ముక్క తీసుకుని చూసి, స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఇలాంటిది రెండోసారి చూస్తున్నానన్నాడు.

"రేపు పదింటికి ఆ చేను వాళ్ళు రాయి చూడ్డానికి వస్తున్నారు," అన్నాడు మేనేజరు. "ఒప్పందంలో ఉంది కదా, సంతకం పెట్టే ముందు తమ నేలలో పడ్డ రాయి కళ్ళారా చూసుకోవచ్చని. చూపిద్దాం."

ఒప్పందంలో ఇంకో మాట కూడా ఉంది. అది కొండ మీద ఉన్న ప్రతి ఇంటికీ కంఠతా వచ్చు. నల్లరాయి నేలైతే ఎకరా లక్షన్నర. పచ్చపుల్ల పడిన నేలైతే ఎకరా తొమ్మిది లక్షలు, తవ్వినంత కాలం ఏటా వాటా.

"మరి డాక్టరు గారి పుస్తకంలో, ల్యాబు లెక్కల్లో?"

"అవన్నీ సరిగ్గానే ఉంటాయి. పుస్తకం వాళ్ళకు చూపించం కదా. మార్చేది మూతల మీదే."

కోతమ్మ డాక్టరు వైపు చూసింది. ఆయన మూలనున్న బల్ల మీద వంగి ఒక రాతిముక్కను భూతద్దంతో పరీక్షిస్తున్నాడు. ముక్క పొడిగా ఉంది. తడపకుండా రాయిని చూస్తే ఏమీ తెలియదని ఆమెకు మొదటి రోజే చెప్పిన మనిషి, పొడిరాయిని కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాడు. ఆయన కాంట్రాక్టు రెండు నెలల్లో తీరిపోతుందని, మళ్ళీ రాస్తారో లేదోనని భోజనాల దగ్గర ఒకటి రెండుసార్లు అన్నాడు.

"ఆ చేను ఎవరిదో మీకు తెలుసా సార్?" అంది.

"తెలుసు. మీ ఆయన అక్కది. అందుకే నీ చేత రాయిస్తున్నాను. రేపు కూడా నువ్వే చెప్పాలి. ఇంటి మనిషి చెబితే ఒక నమ్మకం."

"మాకు మాటల్లేవు. నాలుగేళ్ళయింది."

"మరీ మంచిది. మాటల్లేని మనిషి పనిగట్టుకుని అబద్ధమెందుకు చెబుతుందనుకుంటారు." అతను డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. "ఒకటో తారీఖు నుంచి నీకు నెల జీతం. మీ ఆయన వీపు ఆపరేషను ఖర్చుకు పెట్టుకున్న కాగితం నా టేబుల్ మీదే ఉంది. ఇప్పటిదాకా అడ్డుపడింది నేను కాదు. ఇకముందు పడేదీ నేను కాదు."

ఆమె కుంచె తీసుకుంది. ఒక్కో మూత మీదా పాత అంకె పైన నల్లరంగు పూసి, ఆరాక తెల్లరంగుతో కొత్త అంకె వేసింది. పద్నాలుగు మూతలు. ఒక్క అంకె కూడా వంకర పోలేదు. పోతుందేమోనని చూసుకుంది కూడా. తర్వాత రంపం దగ్గరికి వెళ్ళి మిగిలిన పద్నాలుగు మీటర్లూ కోసింది.

*

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరింది. భర్త చెక్క మంచం మీద పక్కకు ఒరిగి పడుకుని గుడ్డ సంచులు కుడుతున్నాడు. షెడ్డులో రాయి నింపే సంచులే. సంచికి మూడు రూపాయలు. కూర్చుని కుడితే గంటకే నడుము పట్టేస్తుంది కాబట్టి ఇలా ఒరిగి కుట్టడం అలవాటు చేసుకున్నాడు.

ఆమె పొయ్యి వెలిగించకుండానే అతని కాళ్ళ దగ్గర కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను సూది ఆపలేదు.

"ఎన్ని రాశావు?"

"పద్నాలుగు."

దారం కొరికి పక్కన పెట్టాడు. "మా అక్క నిన్నన్న మాటకి ఇది చెల్లుకు చెల్లు అనిపించిందా?"

ఆ మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు. అతను ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో అత్తగారిని చూసుకునే దిక్కు లేక కోతమ్మ ఆవిడను వదిన ఇంట్లో దింపి వచ్చింది. నెల తిరక్కుండా ఆవిడ పోయింది. వచ్చిన వాళ్ళందరి ముందూ వదిన, చచ్చేదాకా చాకిరీ చేయించుకుని, చచ్చే ముందు తెచ్చి నా గుమ్మంలో పారేసిందని అంది. అప్పటి నుంచి దారిలో ఎదురుపడ్డా ఇద్దరూ చెరో పక్కకూ తలతిప్పుకుని పోతున్నారు.

"మొదటి మూత మీద రాసేటప్పుడు అనిపించింది," అంది కోతమ్మ. "తర్వాత మూతలకి ఏమీ అనిపించలేదు. అదే భయంగా ఉంది."

అతను కొత్త సంచి అందుకుని, సూదిలో దారం ఎక్కించాడు. పక్కింట్లో ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడుతోంది.

"మా బావకి చూపు తగ్గింది. ఆ మూడెకరాల మొక్కజొన్నా, నాలుగు మేకలూ తప్ప వాళ్ళకేమీ లేదు. నాలుగున్నర లక్షలు పట్టుకుని కొండ దిగితే, ఎక్కడ ఇల్లు కొంటారు, ఏం తింటారు?"

"మరి నీ ఆపరేషను?"

"నా వీపు మధ్యలోకి తేకు. అది విరిగింది నాకు. దాన్ని తీసుకెళ్ళి నీ మెడకి కట్టనివ్వను." సూది మళ్ళీ గుడ్డలోకి దించాడు. "చెప్పమనీ అనను, వద్దనీ అనను. రేపు నీ పక్కన నిలబడ్డానికి నేను రాలేను. రాలేనివాడు ఊరికే మంచం మీంచి సలహాలు చెప్పకూడదు."

ఆమె లేచి పొయ్యి వెలిగించింది. బియ్యం కడుగుతూ, చెబితే ఏం పోతుందో, చెప్పకపోతే ఏం మిగులుతుందో తూకం వేయబోయింది. రెండు పక్కలా ఆకలే కనపడింది. అన్నం కొంచెం మాడింది. భర్త మాడు కూడా వదలకుండా తినేశాడు.

*

మర్నాడు పదింటికి కాస్త ముందే వచ్చారు. వదిన ముందు నడుస్తోంది. ఆమె చెంగు చివర పట్టుకుని వెనకే భర్త, గుమ్మం ఎత్తు కాలితో వెతుక్కుంటూ దాటాడు. వాళ్ళ వెంట కంపెనీ తరఫున భూముల వ్యవహారం చూసే ఆఫీసరు, చేతిలో కాగితాల సంచి. వదిన ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది గానీ, గోళ్ళ సందుల్లో మట్టి అలాగే ఉంది. షెడ్డంతా ఒకసారి కలయజూసి, కోతమ్మ ఉన్న పక్కకి మాత్రం చూపు తిప్పలేదు.

బల్ల మీద ఏడు పెట్టెలు పరిచి ఉన్నాయి. మూతల మీద కొత్త అంకెలు మెరుస్తున్నాయి. మేనేజరు గొట్టంతో నీళ్ళు కొట్టాడు. రాయి నిగనిగలాడింది, నల్లగా, మొదటి గాడి నుంచి చివరి గాడి దాకా ఒకే నలుపు.

"చూసుకోండమ్మా," అన్నాడు ఆఫీసరు. "తొంభై మీటర్ల నుంచి నూట పాతిక దాకా. మీ నేల అదృష్టం ఇంతే. అయినా కంపెనీ వెనక్కి పోవడం లేదు. ఎకరా లక్షన్నర, ఈ రోజే చెక్కు."

వదిన వంగి చూసింది. ఆమె భర్త చేత్తో తడిమి చూశాడు.

"అయ్యా, ఒక్క మాట," అన్నాడాయన. "మా చేలో మూడు వారాలు యంత్రం మోగింది. మొదట్లో యంత్రం లోంచి నల్లనీళ్ళు పారాయి. ఆఖరు రోజుల్లో తెల్లగా వచ్చాయి. నాకు చూపు తక్కువే గానీ, కాలవంతా పాలు ఒలికినట్టుంటే ఆ మాత్రం తెలుస్తుంది. నల్లరాయి తొలిస్తే తెల్లనీళ్ళెట్లా వచ్చాయి?"

మేనేజరు నవ్వాడు. "బోరులో మందు పోస్తారు పెద్దాయనా. దాని రంగది. ఏం డాక్టరు గారూ?"

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అలా... రావచ్చు."

"మీకింకా అనుమానముంటే, రాయి కోసిన మనిషే ఉంది. మీ ఇంటి మనిషి." మేనేజరు చెయ్యి ఊపాడు. "రా కోతమ్మా. చెప్పు."

కోతమ్మ రంపం దగ్గర్నుంచి వచ్చి బల్లకు అవతల నిలబడింది. ఇద్దరు ఆడవాళ్ళ మధ్యా ఏడు పెట్టెల నల్లరాయి. వదిన తల ఎత్తింది. నాలుగేళ్ళలో జుట్టు బాగా నెరిసింది. కింది పెదవి మీద ఎండకి పగిలిన గీత ఉంది.

"నువ్వు కోశావా దీన్ని?"

"కోశాను."

"మా చేలోదేనా?"

ఆఫీసరు అప్పటికే కాగితాలు తీసి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి పట్టుకున్నాడు. రాతి సంచులు మోసే కుర్రాళ్ళిద్దరు పని ఆపి తలుపు దగ్గర నిలబడ్డారు. కోతమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఔనంటే ఒక్క మాటతో అయిపోతుంది. ఆ ఒక్క మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది.

"కోసింది నేనే," అంది. "నంబరు రాసిందీ నేనే. కానీ ఈ నంబరు నిన్న మధ్యాహ్నం రాశాను, రాయమంటే. ఇది వాగు పక్కన తీసిన రాయి. మీ చేలోది కాదు వదినా."

ఆఫీసరు వేలు కాగితం మీంచి జారింది.

అందరికంటే ముందు తేరుకున్నది మేనేజరే. కోపం చూపలేదు. ఆఫీసరు వైపు తిరిగి, పిల్లల అల్లరికి విసుక్కున్నట్టు తల ఆడించాడు.

"వీళ్ళింట్లో పాత తగాదాలున్నాయి సార్. వీళ్ళకి చెక్కు రావడం ఆవిడకి ఇష్టం లేదు. మీరే చెప్పండమ్మా, మీకూ ఈవిడకీ పడుతుందా?"

వదిన బల్ల మీదికి వంగింది. కోతమ్మ ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో నమ్మకం లేదు. గొర్రెను కొనే ముందు పళ్ళు చూసినట్టు చూస్తోంది. కోతమ్మ కళ్ళు దించుకోలేదు. నమ్మించడానికి ఇంకో మాట కలపనూ లేదు.

"పడదు," అంది వదిన చివరికి. "దీని ముఖం చూడకూడదనే అనుకున్నాను. అయితే ఆ తగాదా నాకూ దీనికీ. రాయికేం సంబంధం?" ఆమె కోతమ్మ వైపు గడ్డం ఎత్తింది. "మాది ఏదో చూపించు."

"అలా ఎవరు పడితే వాళ్ళు పెట్టెలు దించడానికి వీల్లేదు," అన్నాడు ఆఫీసరు.

"సంతకానికి ముందు మా రాయి చూసుకోవచ్చని మీ కాగితంలోనే ఉందిగా," అన్నాడు వదిన భర్త, చూపు ఎటో పెట్టి. "చదివించుకున్నాను."

కోతమ్మ గోడ వారనున్న అరల దగ్గరికి నడిచింది. మేనేజరు రెండంగల్లో వచ్చి ఆమెకూ అరకూ మధ్య నిలబడ్డాడు. ఇప్పుడతని గొంతు బాగా తగ్గింది.

"ఆలోచించుకో. ఆ పెట్టె కదిపావంటే నీ పని ఇవాళ్టితో సరి. సంచుల పనీ సరి. ఆపరేషను కాగితం నా చేత్తో నేనే చింపుతాను."

"చింపండి సార్. నిన్న ఒప్పుకుని రాశాను. ఇవాళ మాట్లాడమంటే నా వల్ల కాలేదు. జరగండి."

అతను జరగలేదు. ఆమె అతని పక్కనుంచి చెయ్యి చాచి, నడుము ఎత్తున ఉన్న అరలోంచి నిన్న పందొమ్మిది అని మార్చి రాసిన పెట్టె చివర పట్టుకుని లాగింది. పెట్టె మూలకు తగలకుండా అతనే పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. రాయి నిండిన పెట్టె సగం బయటికి వచ్చి, ముందుకు ఒరిగి, ఆమె పొట్ట మీద ఆనింది. ఒంటిచేతి మీద నిలిచే బరువు కాదది. కోతమ్మ కుర్రాళ్ళ వైపు చూసింది. ఒకడు నేల చూశాడు. రెండోవాడు మేనేజరు వైపు చూశాడు. మూలన డాక్టరు స్టూలు మీంచి లేచాడు గానీ, ఎటు నడవాలో తేలనట్టు అక్కడే నిలబడిపోయాడు.

వదిన చెంగు నడుముకి దోపింది. భర్త చేతిని తీసి బల్ల అంచు మీద పెట్టి, "ఇక్కడే ఉండు," అని చెప్పింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పెట్టె రెండో చివర కింద చేతులు పెట్టింది.

ఇద్దరూ అడుగులో అడుగు కలవక తడబడుతూ, పెట్టెను మోసుకెళ్ళి వెలుతురు పడుతున్న గుమ్మం దగ్గర దించారు. కోతమ్మ మూత తీసి, గొట్టం లాక్కొచ్చి నీళ్ళు కొట్టింది. తెల్లరాయి కడిగిన పింగాణీలా తేలింది. దాని మధ్య పచ్చపుల్లలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఐదు గాళ్ళ నిండా.

వదిన గొంతుక్కూర్చుని ఒక పుల్ల మీద వేలు పెట్టింది. గోరుతో గీరి చూసింది. గీత పడలేదు.

"మా మొక్కజొన్న కింద ఇదా ఉంది," అంది, తనలో తనే.

వెనక మేనేజరు ఫోనులో ఎవరికో, వెంటనే గేటు దగ్గరి మనుషుల్ని పంపమని చెబుతున్నాడు. ఆఫీసరు కాగితాలు మళ్ళీ సంచిలో సర్దుతున్నాడు.

"ఇట్లాంటివి ఇంకెన్నున్నాయి?" అని అడిగింది వదిన.

"ఆరు."

వదిన మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. గేటు వైపు ఒకసారి చూసి, తడి చేతులు చీరకి తుడుచుకుని, అరల వైపు తిరిగింది.

"పద."